యొర్దాను అవతలివారు

పాఠ్యభాగము: యెహోషువ 22:9–34. కుటుంబమంతయు కూడి మొదట ఈ భాగమును చదువవలెను.

రూబేనీయులును గాదీయులును మనష్షే అర్ధగోత్రపువారును యుద్ధములు ముగించుకొని యొర్దాను అవతల నున్న తమ యిండ్లకు తిరిగి పోవుచున్నారు. పోవుచు పోవుచు నది యొద్ద, దూరమునుండి చూచినను కనబడునంత పెద్ద బలిపీఠమును కట్టిరి. ఈ వార్త వినగానే తక్కిన గోత్రములవారు షిలోహులో కూడి యుద్ధమునకు సిద్ధపడిరి. ఇట్లెందుకు చేసితిరని అడిగినప్పుడు అవతలివారు చెప్పిన జవాబును మనము తరచుగా గమనింపక దాటిపోవుదుము. ఈ దినము మీరు మమ్మును ఎరుగుదురు గాని రేపు మీ పిల్లలు మా పిల్లలతో, నది అవతలివారైన మీకు దేవునితో పని యేమి అందురేమో అని వారు భయపడిరి. ఆ నదిని వారు పెట్టలేదు. అయినను అది తమ పిల్లలను వేరుచేయునని వారికి తోచెను.

ఆ భయము ఎటువంటిదో తెలిసికొనుటకు ఈ నెల మనము ఒక దూరపు గ్రామమునకు పోవుదము.

ఆస్ట్రేలియాకు ఉత్తరమున పాపువా న్యూగినీ దేశమున్నది. ఆ దేశపు పశ్చిమ రాష్ట్రములో, దక్షిణ సముద్రతీరమున, సిగబడూరు అను ఊరున్నది. ఒడ్డున నిలిచి చూచిన ఎదుట సైబాయి అను ద్వీపము కనబడును. నడుమ సముద్రము సుమారు 4 కిలోమీటర్లు మాత్రమే. అయితే సైబాయి ఆస్ట్రేలియా దేశమునకు చెందినది. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగమో ఆ ద్వీపమునకు దక్షిణమున సుమారు 150 కిలోమీటర్ల దూరమున నున్నది. ఇది ఎట్లు జరిగెనందురా? 1879లో క్వీన్స్‌లాండు ప్రభుత్వము ఈ ద్వీపములన్నిటిని తనలో కలుపుకొనెను. ఆవలి పాపువా తీరము 1884లో వేరుగా బ్రిటిషు సంరక్షణలోనికి వచ్చెను. 1975లో పాపువా న్యూగినీ స్వతంత్రము పొందినప్పుడు, గీతను దక్షిణమునకు జరుపవలెనా అను తగవు పుట్టెను. ద్వీపవాసులు తాము ఆస్ట్రేలియాలోనే యుందుమని గట్టిగా నిలిచిరి. వారి మాటయే నెగ్గెను.

ఈ తీరము పల్లపు నేల. మడ అడవులు, బురద, దోమలు. మలేరియా యింటింటి జబ్బు. వానకాలములో నీటికి కొదువ లేదు. ఎండకాలము ముదిరినప్పుడు తొట్లలో పట్టి దాచిన వాననీరు అడుగంటును, బావినీరు ఉప్పదేరును. ఊరిజనులు తోటలలో పెండలము, చేమ, కర్రపెండలము, అరటి వేసికొందురు. పీతలు, చేపలు పట్టుదురు. తాబేలును, సముద్రపు ఆవు అనబడు డుగాంగును వేటాడుదురు. ఆ ప్రాంతపు మరియొక ఆహారము సాగో. మనము పాయసమునకు వాడు సగ్గుబియ్యము కర్రపెండలపు పిండితో చేయబడినది. వారిది అసలైన సాగో. పూతకు రాకముందే సాగో చెట్టును నరికి, మొద్దును చీల్చి, లోపలి గుజ్జును దంచి, నీళ్లతో కడిగి వడకట్టుదురు. అడుగున పేరుకొన్న పిండియే వారి రొట్టె. ఒక్క చెట్టుతో ఒక కుటుంబము వారముల తరబడి తినగలదు గాని ఆ దంచుట చూచినవారు దానిని ఉచితముగా దొరికిన తిండి అనరు.

ఊరినుండి జిల్లా పట్టణమునకు పోవు రోడ్డు లేదు. పశ్చిమ రాష్ట్రపు ముఖ్యపట్టణమైన డారు సముద్రమార్గమున సుమారు 60 కిలోమీటర్లు. మోటారు తగిలించిన చిన్న పడవలో పోవలెను. గాలి యెదురైనచో పడవ తడియును, అలలు పెద్దవైనచో పోనే పోకూడదు. అన్నిటికంటె పెట్రోలు ప్రియము. పీతలు అమ్మిన డబ్బు రాకపోకల పెట్రోలుకే చాలని దినములు గలవు. ఇవతల 60 కిలోమీటర్లు, అవతల 4. పాఠమంతయు ఈ రెండు అంకెలలోనే యున్నది గనుక చదువరులు వీటిని మరువకుందురు గాక.

గీత గీయబడక ముందు ఈ రెండు ఒడ్డులు ఒకే లోకము. ద్వీపములలో పెద్ద మ్రాకులు లేవు. ఫ్లై నది ముఖద్వారమున తొలిచిన దోనెలు చేతులు మారి మారి ద్వీపములకు చేరెడివి. ద్వీపముల గవ్వలు, శంఖములు ఇటు వచ్చెడివి. పెండ్లి సంబంధములు కలిసెను. సువార్తయు ఆ నీటి త్రోవనే వచ్చెను. 1871 జూలై 1న లండన్ మిషను పడవ ఎరుబ్ ద్వీపమున ఆగెను. దానిలో మెక్‌ఫార్లేన్, మర్రే అను ఇద్దరు తెల్ల మిషనరీలుండిరి. అయితే ద్వీపములలో కాపురముండి బోధించినవారు లోయల్టీ ద్వీపములనుండి వచ్చిన నల్లని ఉపదేశకులు, వారి భార్యలు. ఆ యేడే సైబాయి పొరుగున ఉపదేశకులు నిలుపబడిరి. టోరెస్ జలసంధి ద్వీపములవారు ఇప్పటికిని జూలై 1ని వెలుగు వచ్చిన దినముగా ఆచరింతురు. ఫ్లై నది ముఖద్వారమున పనిచేసి 1901లో గోరిబారి ద్వీపమున చంపబడిన జేమ్స్ చామర్స్ దొర పేరు మిషను చరిత్రలు చదివినవారు ఎరుగుదురు. ఆయనకు ముందు నడిచిన ఉపదేశకులలో ఎందరి పేర్లు ఎవరు ఎరుగుదురు?

ఇక్కడ మన తెలుగు సంఘములకును ఒక చుట్టరికమున్నది. 1805లో విశాఖపట్టణమునకు, 1822లో కడపకు వచ్చినది ఆ లండన్ మిషనే. విశ్వాసులు కూర్చిన చందాలతోనే అక్కడి ఉపదేశకులును ఇక్కడి ఉపదేశకులును పోషింపబడిరి. మన లండన్ మిషను సంఘములు 1947లో దక్షిణ ఇండియా సంఘములో చేరెను. పాపువాలోనివి 1968లో అచ్చటి ఐక్య సంఘములో చేరెను. జలసంధి ద్వీపములవి అంతకు ఎంతో ముందే ఆంగ్లికన్ సంఘమునకు అప్పగింపబడెను. అనగా గీతకు అటునిటు ఆరాధన క్రమము సహా వేరాయెను.

గీతను గీసిన ప్రభుత్వములకు ఈ బంధుత్వము తెలియకపోలేదు. 1978 డిసెంబరులో రెండు దేశములవారు ఒక ఒడంబడిక వ్రాసిరి; అది 1985లో అమలునకు వచ్చెను. దాని ప్రకారము సిగబడూరు మొదలైన 13 పాపువా ఊళ్లవారు పాసుపోర్టు, వీసా లేకుండ, ముందుగా అనుమతి చీటీ పొంది, ద్వీపములకు పోవచ్చును. తోటపనికి పోవచ్చును, చేపలు పట్టుటకు పోవచ్చును, పెండ్లికి, భూస్థాపనకు, ఆరాధనకు పోవచ్చును, సరకులు మార్చుకొనుటకు పోవచ్చును. లోకములో ఇంత దయగల సరిహద్దులు అరుదు. ఈ మాట నిజాయితీగా చెప్పవలెను. (2020లో కోవిడ్ నిమిత్తము ఈ రాకపోకలు ఆపబడి, తరువాత మరల తెరువబడెను.)

ఆ జాబితాలో రోగము లేదు. వైద్యము పూర్వాచారము కాదు గదా! ప్రాణాపాయమైన వారిని సైబాయి వైద్యశాలలోనివారు త్రోసివేయలేదు, చూచుచునే యున్నారు. కాని క్షయ ఒక దినములో తీరు జబ్బు కాదు. సామాన్యమైన క్షయకే ఆరు నెలలు మందులు మ్రింగవలెను. నడుమ మానినచో క్రిములు మందునకు లొంగక మొండివగును. అట్టి రోగికి ఇటీవలి వరకు 20 నెలలు, అంతకంటె ఎక్కువయు చికిత్స పట్టెడిది. పాపువా తీరపు క్షయరోగులు చాలమంది 4 కిలోమీటర్లు దాటి సైబాయిలోను, బోయిగు ద్వీపములోను మందులు తీసికొనుచుండిరి. 2011, 2012 సంవత్సరములలో ఆ ఏర్పాటు ముగింపబడి, రోగులు డారు ఆసుపత్రికి అప్పగింపబడిరి. ఎవని వైద్యము వాని దేశములో జరుగుట మేలని ఆస్ట్రేలియావారు తలంచిరి. డారులో క్షయ వార్డునకు ధనసహాయమును చేసిరి. వారి తలంపులో న్యాయము లేదనలేము. అయినను పెట్రోలునకు డబ్బులేని తల్లికి ఆ న్యాయము 60 కిలోమీటర్ల దూరమున నున్నది. ఒక నెల మందు తప్పును, మరుసటి నెలయు తప్పును. 2014 నాటికి డారులో మందులకు లొంగని క్షయ ఎంతగా ప్రబలెననగా, పాపువా న్యూగినీ ప్రభుత్వము అత్యవసర చర్యలకు దిగవలసి వచ్చెను.

ఇప్పుడు ఫీనెహాసు యొద్దకు తిరిగి రండి. అతడు పదిమంది ప్రధానులతో నది దాటి గిలాదునకు పోయెను. కోపముతోనే పోయెను, మాటలు కఠినముగానే పలికెను. అయినను 19వ వచనములో అతడన్నదేమి? మీ దేశము మీకు తగినది కానియెడల ఇవతలకు వచ్చి మా నడుమ స్వాస్థ్యము తీసికొనుడని అతడు పిలిచెను. గోత్రములు నేల పంచుకొని స్థిరపడి ఎంతో కాలము కాలేదు, చీట్లు వేసి కొలిచి యిచ్చిన నేల అది. అందులోనుండి భాగమిత్తుమనుట చిన్న మాట కాదు. వారు షిలోహులోనే కూర్చుండి తీర్పు తీర్చియుండినచో ఆ దినము సహోదరుల రక్తము కారియుండును. పోయి, అడిగి, జవాబు పూర్తిగా వినిరి గనుక యుద్ధము మానిరి.

మన ఊళ్లలో సముద్రము లేదు, ఒడంబడికలు లేవు. క్షయ మాత్రమున్నది. మదనపల్లె యొద్ద ఆరోగ్యవరములో పలు మిషనులు కలిసి క్షయరోగులకై వైద్యాలయమును స్థాపించిన కాలమున రోగికి తగిన మందే లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, పరిచర్య, ఇవే చికిత్స. తరువాత మందులు వచ్చెను. 1956లో మద్రాసులో ఆరంభమైన క్షయ చికిత్సా కేంద్రమువారు, బీదల యిండ్లలోనే మందులిచ్చినను ఆసుపత్రిలో ఉంచినంత గుణము కలుగునని 1959లో లోకమునకు చూపిరి. ఇది గొప్ప సంగతి. అయితే ఆ యిండ్లకు ఆరోగ్య పరిచారికలు పోవుచుండిరనియు, మందు మ్రింగినది లేనిది చూచుచుండిరనియు మరువరాదు. ఈ దినమున సర్కారు ఆసుపత్రిలో క్షయ మందులు ఉచితము. రెండు వారములు మించి దగ్గువాడు కళ్లె పరీక్ష చేయించుకొనవలెనని గోడల మీద వ్రాసియున్నది. కాని పేటలో దగ్గువాని గుమ్మము తొక్కుటకు జంకు, గుడిలో వాని పక్కను కూర్చుండుటకు జంకు. క్రమముగా మందు తీసికొనువాని వలన అంటు త్వరలోనే తగ్గునని తెలిసినవారు సహా జంకుదురు. మూడవ నెలలో దగ్గు తగ్గగానే వాడు మందు మాని కూలికి పోవును. మానవద్దని చెప్పుటకు అటు పోయినదెవరు?

ఈ నెల గృహకూటములలో 19వ వచనమును మరల చదివి, ఫీనెహాసుతో కూడ పోయిన ఆ పదిమంది తమ తమ గోత్రములకు తిరిగి వచ్చి ఏమి చెప్పియుందురో మాటలాడుకొనుడి. ప్రార్థనలో సిగబడూరునందలి రోగులను, డారు ఆసుపత్రిలో పనిచేయు నర్సులను, సైబాయి వైద్యశాలలో ఎవరిని చూడవలెను, ఎవరిని పంపివేయవలెను అని దినదినము తేల్చుకొనవలసిన వారిని జ్ఞాపకము చేసికొనుడి. మీ సంఘములో మందు తీసికొనుచున్నవారుంటే వారి పేరు బిగ్గరగా చెప్పవద్దు. కూటము ముగిసిన తరువాత ఒకరు లేచి ఆ యింటికి పోవలెను.