సైకిలు చైను చెప్పే పాఠం

మన మూసారాంబాగ్ పేరు వెనుక ఒక ఫ్రెంచి సేనాని ఉన్నాడన్న సంగతి చాలామందికి తెలిసిందే. నిజాం కొలువులో పనిచేసిన మిషెల్ రేమండ్‌ను ఇక్కడివాళ్లు ‘మూసారాం’ అని పిలుచుకున్నారు. 1798లో మరణించిన ఆయన సమాధి మనకు దగ్గరలోనే, అస్మాన్‌గఢ్‌లో ఉంది. సైకిలుకు పెడళ్లు వచ్చిన కథ కూడా ఫ్రెంచివాళ్లతోనే ముడిపడి ఉంది. మనం రోజూ తొక్కే సైకిలుకు చైను ఎందుకు వచ్చిందో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ తయారుచేసిన రెండు చక్రాల బండికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాలి. 1860లలో పారిస్‌లో పియర్ మిషో అనే కమ్మరి ముందు చక్రం ఇరుసుకే పెడళ్లున్న బండ్లు తయారుచేశాడు. అలాంటి బండికే 1866లో పియర్ లాలెమాఁ అమెరికాలో పేటెంటు పొందాడు. అయితే పెడల్ ఒకసారి తిరిగితే చక్రమూ ఒక్కసారే తిరుగుతుంది. వేగం కావాలంటే చక్రాన్ని పెంచక తప్పదు. అందుకే 1870 నుంచి ఎత్తు చక్రాల సైకిళ్లు వచ్చాయి. ముందు చక్రం 137 సెంటీమీటర్లుంటే, ఒక తొక్కుకు 4.3 మీటర్లు పోతుంది. కానీ అంత ఎత్తు నుంచి పడితే తల పగిలేది.

ఈ చిక్కును చైను తీర్చింది. 1880లో హాన్స్ రెనాల్డ్ మాంచెస్టర్‌లో గట్టి రోలర్ చైనును రూపొందించాడు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ తన ‘రోవర్’ సైకిలులో చైనుతో వెనుక చక్రాన్ని తిప్పాడు. ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. మన సైకిలుకు పెడల్ దగ్గర 44 పళ్లు, వెనుక 18 పళ్లు ఉన్నాయనుకుందాం. 44ను 18తో భాగిస్తే 2.44. చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. అంటే ఒక తొక్కుకు దాదాపు 5.4 మీటర్లు! చిన్న చక్రమే పెద్ద చక్రాన్ని మించిపోయింది. పైగా పడినా ప్రాణభయం తక్కువ.

అయితే ఏదీ ఉచితంగా రాదు. దూరం పెరిగితే తొక్కే బలమూ పెరగాలి. మూసీ వంతెన దాటి ఎత్తు ఎక్కేటప్పుడు మన కాళ్లకు ఈ సూత్రం బాగా తెలుస్తుంది. అందుకే గేర్ల కోసం ఎన్నో ప్రయోగాలు జరిగాయి. చైనును ఒక పళ్ల చక్రం మీద నుంచి మరోదాని మీదికి జరిపే గేర్లను టూర్ డి ఫ్రాన్స్ పందెంలో 1937లో గానీ అనుమతించలేదు. తొక్కడం ఆపినా బండి సాగేలా చేసే ఫ్రీవీల్ 1890ల చివర్లో బాగా వాడుకలోకి వచ్చింది. లోపలి మేకులు పళ్ల మీద జారుతుంటే వచ్చేదే ఆ టికటిక చప్పుడు.

ఇంకొక విశేషం. జాన్ కెంప్ స్టార్లీ తండ్రి సోదరుడైన జేమ్స్ స్టార్లీ రైతు బిడ్డ, తోటమాలిగా పనిచేసినవాడు. మూడు చక్రాల సైకిలు కోసం 1877లో ఆయన వాడిన డిఫరెన్షియల్ సూత్రమే నేటి ఆటోల వెనుక ఇరుసులో ఉంది.

మిత్రులారా! కమ్మరి, తోటమాలి, మెకానిక్కు — వీరి చేతుల్లోనే సైకిలు పుట్టింది. మన అమ్మానాన్నల చేతిపనిలోనూ విజ్ఞానం ఉంది. ఆ పని చేసే ఇంటి నుంచి వచ్చామని చెప్పడానికి మనం తల దించుకోనక్కరలేదు. ఈ ఆదివారం చైనుకు నూనె వేస్తూ మన సైకిలు పళ్లు లెక్కపెట్టి చూద్దాం. భౌతికశాస్త్రం మన చేతికే అంటుతుంది.