'మిమీసిస్' - అనుకరణము: పదవిచారము

ఆంగ్లమున నిత్యవ్యవహారమునందు అరుదుగా వినవచ్చు 'మిమీసిస్' పదము గ్రీకుభాషనుండి వచ్చినది. నటవాచియగు 'మీమోస్' శబ్దముతో దీనికి సంబంధము గలదు. 16వ శతాబ్దిలో ఇది ఇతరుల మాటతీరును అనుకరించు అలంకారమునకు పేరుగా ఆంగ్లమున ప్రవేశించినది. ప్రాణి తన పరిసరములను పోలియుండుటను జీవశాస్త్రము ఈ పేరుతోనే వ్యవహరించును.

సాహిత్యపాఠములలో దీనిని 'అనుకరణము' అనుట పరిపాటి. వడ్రంగి చేసిన మంచమును చూచి చిత్రకారుడు వ్రాసిన మంచము సత్యమునకు మరింత దూరమని ప్లేటో 'రిపబ్లిక్' పదవ భాగమున వాదించెను. అచట ఈ పర్యాయము కుదురును. అరిస్టాటిల్ 'కావ్యశాస్త్రము'న కవి జరిగినదానిని గాక జరుగదగినదానిని చెప్పునని నిరూపించెను. అచట 'అనుకరణము' అన్నచో నకలను భ్రాంతి కలుగును.

ఈ చిక్కు మన శాస్త్రమునకు క్రొత్తది కాదు. నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయమున 'అనుకరణ', 'అనుకీర్తన' శబ్దములు రెండును గలవు. శంకుకుని అనుకరణవాదమును భట్టతౌతుడు ఖండింపగా, ఆయన శిష్యుడగు అభినవగుప్తుడు నాట్యము అనుకీర్తనమే యని సమర్థించెను.

అయినను అనుకీర్తనము రసచర్చకు సంబంధించినది. అరిస్టాటిల్ విచారము ఇతివృత్తమునకు సంబంధించినది. కావున అరిస్టాటిల్‌ను బోధించునపుడు 'మిమీసిస్' పదమునే నిలిపి, 'జరుగదగినదానికి రూపకల్పన' యని వివరించి, పిదప అనుకీర్తనముతో పోల్చిచూపుట యుక్తము.