కారులో పసిబిడ్డ: ఒడి ఎందుకు చాలదు?

పురుడు పోసుకుని బిడ్డతో ఇంటికి వెళ్లే రోజున ఆసుపత్రి వాకిట్లో తరచుగా కనిపించే దృశ్యం ఇది. అమ్మమ్మ కారు ముందు సీటులో కూర్చుంటుంది. మెత్తటి గుడ్డలో చుట్టిన బిడ్డను ఆమె ఒడిలో పెడతారు. "గట్టిగా పట్టుకుంటాలే, నువ్వు మెల్లగా పోనివ్వు" అని ఆమె అల్లుడికి చెబుతుంది.

ఆమె ప్రేమలో లోపం లేదు. కాని ఆ పని ఏ మనిషి చేతులకూ సాధ్యం కాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేనినైనా ఢీకొంటే కారు ఆగిపోతుంది, లోపలివారు మాత్రం అదే వేగంతో ముందుకు విసిరివేయబడతారు. ఆ క్షణంలో 10 కిలోల బిడ్డను ఆపాలంటే 300 కిలోల బరువును ఆపినంత బలం కావలసి రావచ్చు. పెద్దవారి బెల్టునే బిడ్డకు కూడా కలిపి పెట్టుకోవడం ఇంకా ప్రమాదం. పెద్దవారి బరువంతా బెల్టుకూ తమకూ మధ్య ఉన్న బిడ్డ మీదే పడుతుంది.

అందుకే పసిపిల్లలకు వేరే సీటు. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే ఉంటుంది, మెడకు బలం ఉండదు. కనుక ఈ సీటును బిడ్డ ముఖం కారు వెనుక వైపుకు ఉండేలా అమర్చాలి. అప్పుడు దెబ్బ వేగాన్ని మెడ కాక సీటు వీపుభాగం భరిస్తుంది. "బిడ్డ ముఖం మాకు కనిపించదు కదా" అని కొందరు త్వరపడి ముందుకు తిప్పేస్తారు. ఏడాది నిండగానే తిప్పనవసరం లేదు. సీటు పుస్తకంలో ఇచ్చిన బరువు, ఎత్తు మించేవరకు అలాగే ఉంచడం మంచిది. ముందు సీటులో మాత్రం పెట్టవద్దు. ఎయిర్ బ్యాగు తెరుచుకుంటే ఆ దెబ్బ నేరుగా బిడ్డ తల వెనుక తగులుతుంది, ప్రాణాలే పోవచ్చు.

సీటు కొన్నవారు కూడా ఎక్కువగా పొరపాటు చేసేది బిగింపులోనే. బెల్టు వెళ్లే చోట సీటును పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. ఒక అంగుళం కంటే ఎక్కువ కదిలితే బిగింపు చాలదు. తరువాత బిడ్డ భుజం దగ్గర పట్టీని వేళ్లతో గిల్లి పట్టుకోండి. మడత వేళ్లకు అందిందంటే పట్టీ వదులుగా ఉన్నట్టే. ముఖం వెనుకకు ఉన్నప్పుడు పట్టీలు భుజాల ఎత్తులో గాని, కొంచెం కిందనుంచి గాని రావాలి. బిడ్డను శాలువాలో చుట్టి పట్టీలు పెట్టకండి. ముందు పట్టీలు, ఆ పైన శాలువా. ప్రమాదంలో దెబ్బతిన్న సీటును, అది బంధువులు ప్రేమగా ఇచ్చినదైనా, వాడవద్దు.

అద్దె కారు మాట ఏమిటంటారా? చాలా సీట్లను మామూలు మూడు పాయింట్ల బెల్టుతోనే బిగించవచ్చు. కనుక బండి మాట్లాడుకునేటప్పుడే వెనుక సీటు బెల్టులు పనిచేస్తున్నాయా అని అడగండి. దిండ్ల కింద దూరిపోయిన బెల్టులను పైకి తీయించండి.

బిడ్డ పెరిగాక ముఖం ముందుకు ఉండే సీటు, ఆ తరువాత బూస్టరు వాడాలి. ఎత్తు సుమారు 145 సెంటీమీటర్లు వచ్చేవరకు పెద్దల బెల్టు పిల్లలకు సరిగా అమరదు, మెడకో పొట్టకో ఒరుసుకుంటుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది.

దారిలో బిడ్డ ఏడిస్తే, పాలు పట్టాలంటే, కారును పక్కకు ఆపి తీయండి. నడుస్తున్న కారులో పట్టీలు విప్పవద్దు. ఎండలో నిలిపిన కారులో బకిల్ కాలిపోతూ ఉంటుంది, ముందు మీ చేతితో తాకి చూడండి. ఇల్లు చేరగానే, నిద్రపోతున్నా సరే, బిడ్డను సీటులోంచి తీసి వెల్లకిలా పడుకోబెట్టండి. తల ముందుకు వాలితే పసిబిడ్డకు ఊపిరి ఆడదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే ఈ సీటులో కూర్చోబెట్టవచ్చా అని డిశ్చార్జికి ముందే పిల్లల డాక్టరును అడగండి.