ఇంధనం – అపోహలు

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలు నేడు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నెలవులు. మద్రాసులో ఎదిగిన మన సినిమా క్రమంగా హైదరాబాదుకు తరలివచ్చింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పడం ఆ ప్రస్థానంలో ముఖ్యఘట్టం. ఈ ఎత్తుపల్లాల దారులలో తారల కార్లతోపాటు సహాయ దర్శకుల, సాంకేతిక నిపుణుల మోటారు సైకిళ్లు నిత్యం సంచరిస్తుంటాయి. వారు తీసే చిత్రాలలో నాయకుడు కాలుతున్న సిగరెట్టును నేలమీది పెట్రోలులోకి విసరగానే ఆకాశమంత మంట లేస్తుంది. ప్రేక్షకుడు దానినే శాస్త్రసత్యంగా స్వీకరిస్తాడు.

వాస్తవం వేరు. అమెరికా ప్రభుత్వ పరిశోధకులు కాలుతున్న సిగరెట్లను పెట్రోలు ఆవిరికి నాలుగువేల అయిదువందలకు పైగా పర్యాయాలు తాకించి చూడగా ఒక్కసారి కూడా మంట పుట్టలేదని 2013లో ప్రకటించారు. అంతమాత్రాన బంకులో పొగ త్రాగవచ్చునని భావించరాదు. సిగరెట్టు వెలిగించే అగ్గిపుల్ల, లైటరు జ్వాల ఆ ఆవిరిని నిస్సందేహంగా మండిస్తాయి.

నిజానికి మండేది ద్రవరూపంలోని పెట్రోలు కాదు, దాని ఆవిరి. సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిలోనూ అంటుకోగలిగినంత ఆవిరిని పెట్రోలు వెలువరిస్తుంది. ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది కనుక పైకి పోక నేలను అంటిపెట్టుకొని పాకుతుంది. నూరు పాళ్ల గాలిమిశ్రమంలో ఆవిరి సుమారు 1.4 నుండి 7.6 పాళ్ల వరకు ఉన్నప్పుడే అది మండుతుంది. మూసిన ట్యాంకులో ఆవిరి ఇంతకంటె చిక్కగా ఉంటుంది. ప్రమాదమంతా మూత తీసినప్పుడు ట్యాంకు ముఖద్వారం వద్దనే.

సెల్‌ఫోను మోగితే బంకు అంటుకుంటుందన్న భయం రజ్జుసర్పభ్రాంతి వంటిది. అమెరికాలోని పెట్రోలియం ఎక్విప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ బంకులలోని అగ్నిప్రమాదాలను పరిశీలించినప్పుడు, ఫోను వల్ల జరిగిందని నిర్ధారణ అయినది ఒక్కటీ కనిపించలేదు. వాటిలో చాలావాటికి మూలం స్థిరవిద్యుత్తు. పొడి వాతావరణంలో సింథటిక్ దుస్తుల రాపిడి వలన దేహంలో చేరిన ఆవేశం, లోహాన్ని తాకగానే చిన్న రవ్వగా బయటపడుతుంది. అందుచేత మూత తీయకముందే బండి లోహభాగాన్ని ఒకసారి తాకడం మేలు. ప్లాస్టిక్ డబ్బాలో పెట్రోలు పోయించుకోవడం మరింత అపాయకరం. ఆవేశం నేలలోకి దిగిపోవడానికి దానిలో మార్గం లేదు. ఫోను చేతబట్టుకొని పరధ్యానంగా నిలబడడం మాత్రం వేరొక ప్రమాదమే. బంకులలో ఫోను వాడరాదన్న నియమాన్ని పాటించవలసిందే.

వేసవిలో ట్యాంకు నిండా పోయిస్తే బండి పేలిపోతుందన్న వదంతి ఏటా ఎండలతోపాటే వస్తుంది. తయారీదారు సూచించిన పరిమితి వరకు ఏ ఋతువులోనైనా నింపవచ్చునని ఇండియన్ ఆయిల్ సంస్థ 2022లో స్పష్టం చేసింది. అయితే ఈ వదంతిలో ఒక సత్యబీజం ఉన్నది. భూగర్భ ట్యాంకులోని చల్లని పెట్రోలు ఎండకు 20 డిగ్రీలు వేడెక్కితే, 12 లీటర్లకు దాదాపు పావు లీటరు వ్యాకోచిస్తుంది. కాబట్టి అంచు వరకు నింపిన ట్యాంకు పేలదు, పొంగుతుంది.

పొంగితే ఏమవుతుంది? మోటారు సైకిల్‌లో ట్యాంకు సరిగ్గా ఇంజనుపైననే ఉంటుంది. చిమ్మిన పెట్రోలు వేడెక్కిన ఇంజనుమీద పడి క్షణంలో ఆవిరవుతుంది. సమీపంలో ఒక్క రవ్వ చాలు. కనుక ఇంజను ఆపి, బండి దిగి, స్టాండు వేసిన పిదపనే పోయించుకోవాలి. వెనుక కూర్చున్నవారు కూడా దిగవలసిందే. సమయం లేదని జీనుమీదనే కూర్చుండిపోవడం చాలామందికి అలవాటు. మంట రేగితే ముందుగా చేయవలసినది దూరం తొలగడం, ట్యాంకు పైకి ఒరిగి కూర్చున్నవానికి అదే అసాధ్యం. చిమ్మినదానిని తుడిచి, బండిని కొంతదూరం నెట్టుకొనిపోయి స్టార్టు చేయాలి.

పోస్తుండగా మంట కనిపిస్తే గొట్టాన్ని ట్యాంకులోనుండి పెరికి తీయరాదు. తీస్తే చిమ్మే పెట్రోలుతో మంట చుట్టూ వ్యాపిస్తుంది. వెనుకకు తొలగి, పంపు ఆపమని కేకవేయాలి. నీళ్లు పోయడమూ తగదు. పెట్రోలు నీటిపై తేలుతూ మంటను మరింత దూరం మోసుకొనిపోతుంది. బంకులలో ఎర్రని బకెట్లనిండా ఇసుక ఉంచేది అందుకే.