బోర్డు పెట్టాం కదా అంటే సరా?

1. "కుక్క ఉన్నది జాగ్రత్త" అని గేటుకి రేకు కొట్టి, కుక్కని మాత్రం వీధిలోకి వదిలేస్తారు కొందరు. అది ఎవరినైనా కరిస్తే ఆ రేకే ఎదురు సాక్ష్యం. కరుస్తుందని నీకు ముందే తెలుసన్నమాట! పెంచుకున్న జంతువు వల్ల మనిషికి హాని జరగకుండా చూసుకోకపోవడం పాత శిక్షాస్మృతిలో 289, ఇప్పటి న్యాయ సంహితలో 291 సెక్షన్ కింద నేరం.

2. మాసూళ్లప్పుడు మా మొవ్వ చుట్టుపక్కల రోడ్లు సగం కళ్లాలే. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనే దగ్గర పేచీ, ఆరబోసుకోక రైతేం చేస్తాడు? అక్కడిదాకా నేనూ రైతు పక్షమే. సాయంత్రం రాశి మీద బరకం కప్పి, గాలికి లేవకుండా చుట్టూ బండరాళ్లు పెడతారు. ఓ కర్రకి ఎర్రగుడ్డ కడతారు. పగలు బాగానే కనిపిస్తుంది. చీకటి పడి, మంచు కురుస్తూ, ఎదురుగా లారీ లైటు కళ్లలో కొడుతుంటే బైకు మీద వచ్చే కుర్రాడికి ఎర్రగుడ్డయితేనేం, నల్లగుడ్డయితేనేం? ముందు రాయే తగులుతుంది. "గుడ్డ కట్టాం కదండీ" అని వాదించేవాళ్లని నేనడిగేది ఒకటే: రాత్రిపూట అటు బండి మీద వెళ్లి చూశావా?

3. పందులకనీ ఎలుకలకనీ చేను చుట్టూ కరెంటు తీగ లాగితే ఏ బోర్డూ కాపాడదు. కరెంటు విషయంలో కోర్టులు ఎంత గట్టిగా ఉంటాయో చూడండి: మధ్యప్రదేశ్‌లో తెగిపడ్డ తీగ తగిలి సైకిలు మీద వెళ్లే మనిషి పోయాడు. ఎవరో దొంగ కనెక్షన్ లాగారని విద్యుత్ బోర్డు చెప్పిన సాకు 2002లో సుప్రీంకోర్టు దగ్గర చెల్లలేదు.

4. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున హైదరాబాద్ విజ్ఞానజ్యోతి కాలేజీ పిల్లలు ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జీ డ్యామ్ నుంచి సరైన హెచ్చరిక లేకుండా నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. పిల్లలెందుకు దిగారని తప్పుపట్టినవాళ్లూ లేకపోలేదు. 2016లో అక్కడి హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల పరిహారం ఇమ్మంది. అందులో విద్యుత్ బోర్డు వాటా 60 శాతం, కాలేజీది 30, ప్రభుత్వానిది 10. పిల్లల్ని వెంటబెట్టుకెళ్లినవాళ్లకీ వాటా పడింది చూశారా!

5. అలాగని చదివి కూడా లెక్కచెయ్యనివాడికి చట్టం వత్తాసు పలకదు. అతని తప్పెంతో తేల్చి, పరిహారంలో ఆ మేరకు కోత పెడుతుంది. పసిపిల్లల దగ్గర మాత్రం ఆ లెక్క సాగదు. అయినా బోర్డొక్కటే చాలదు. కార్తీక పౌర్ణమినాడు మంగినపూడి బీచ్‌కి వెళ్లి చూడండి, బోర్డు కిందే చెప్పులు వదిలి సముద్రంలోకి దిగుతారు జనం. ఏర్పాట్లు బాగున్నాయని ఎవరైనా అంటే, గజ ఈతగాళ్లు ఎంతమందని అడుగుతాను నేను.