వడ్డీ శాతం కింద ఉన్న షరతులు కూడా చదువు

లెస్టర్

చి. సింధుకు,



జీతమంతా కరెంట్ అకౌంట్‌లోనే ఉంచేస్తున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. అద్దె, ఖర్చులు పోగా మిగిలింది ఇన్‌స్టంట్ యాక్సెస్ సేవింగ్స్ అకౌంట్‌లోకి మార్చు. ఉన్నట్టుండి ఇండియా టికెట్ కొనాల్సి వచ్చినా చేతికి అందుతుంది. అయితే యాప్‌లో పెద్ద అక్షరాల్లో కనిపించే వడ్డీ శాతం చూసి వెంటనే ఖాతా తెరిచేయకు. దాంతోపాటు ‘సమ్మరీ బాక్స్’ అని ఒక పట్టిక ఉంటుంది. ముందు అది తీరిగ్గా చదువు.

మొదట చూడాల్సింది, ఆ వడ్డీ ఎంత మొత్తం వరకు ఇస్తారన్నది. ఒక బ్యాంకు 4,000 పౌండ్ల దాకా 5 శాతం, ఆపైన ఉన్నదానికి 1 శాతం ఇస్తుందనుకో. ఇంకో బ్యాంకు మొత్తానికీ 4 శాతం ఇస్తుందనుకో. నువ్వు 10,000 పౌండ్లు వేస్తే మొదటి చోట ఏడాదికి 200, 60 కలిపి 260 వస్తాయి. రెండో చోట 400 వస్తాయి. నీ దగ్గర 3,000 మాత్రమే ఉంటే లెక్క తిరగబడుతుంది: మొదటి చోట 150, రెండో చోట 120. అందుకే నీ దగ్గరున్న మొత్తంతో లెక్క వేసుకున్నాకే ఏది మంచిదో తేల్చుకో.

రెండోది, ఆ వడ్డీ ఎంతకాలం ఉంటుందన్నది. చాలా ఖాతాల్లో మొదటి ఏడాదికి బోనస్ కలిపి చూపిస్తారు. 4.5 శాతంలో 2 శాతం బోనసే అయితే, పన్నెండు నెలలు దాటాక మిగిలేది 2.5. పైగా ఇవి మారే రేట్లు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మూల వడ్డీ 2021 డిసెంబరు దాకా 0.1 శాతం ఉండేది. 2023 ఆగస్టుకి 5.25కి ఎక్కింది, 2025 డిసెంబరులో 3.75కి దిగింది. అది కదిలితే నీ ఖాతా వడ్డీ కూడా కదలొచ్చు. కొన్ని ఖాతాల్లో ఏడాదిలో ఇన్నిసార్లకు మించి డబ్బు తీస్తే వడ్డీ తగ్గిస్తారు. పేరులో ‘ఇన్‌స్టంట్’ ఉన్నా ఈ షరతు ఉందో లేదో చూసుకో.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, భద్రత. 2007 సెప్టెంబరులో నార్తర్న్ రాక్ బ్యాంకు శాఖల ముందు జనం డబ్బు వెనక్కి తీసుకోవడానికి బారులు తీరారు. అప్పట్లో బ్యాంకు మునిగితే డబ్బు తిరిగొస్తుందన్న పూర్తి హామీ మొదటి 2,000 పౌండ్లకే, తర్వాతి 33,000కి 90 శాతమే. ఆ తర్వాత పరిమితి మారుతూ వచ్చి, 2025 డిసెంబరు 1 నుంచి మనిషికి 1,20,000 పౌండ్లయింది. ఈ హామీ ఇచ్చేది ఎఫ్‌ఎస్‌సీఎస్ అనే ఇక్కడి పరిహార పథకం. మన దేశంలో 5 లక్షల రూపాయల డిపాజిట్ బీమా లాంటిదే. బ్యాంకు తీసుకునే గరిష్ఠ డిపాజిట్ వేరు, ఈ హామీ వేరు. ఒక బ్యాంకు పది లక్షల పౌండ్లు తీసుకుంటానన్నా హామీ ఇంతవరకే. అది కూడా ఒక్కో లైసెన్సుకి. హెచ్‌ఎస్‌బీసీలో, ఫస్ట్ డైరెక్ట్‌లో చెరికొంత పెట్టినా రెండూ ఒకే లైసెన్సు కింద ఉన్నాయి కనుక ఒకే పరిమితి వర్తిస్తుంది. నీ పొదుపు ఇప్పుడు అంతదాకా వెళ్లకపోయినా, రేపు ఇల్లు కొనడానికి కూడబెట్టేటప్పుడు ఇది పనికొస్తుంది.

పన్ను గురించి ఇప్పుడే బెంగపడకు. బేసిక్ రేట్ పన్ను కట్టేవాళ్లకి ఏడాదికి 1,000 పౌండ్ల వడ్డీ దాకా పన్ను ఉండదు, హయ్యర్ రేట్ వాళ్లకి 500 దాకా.

రాత్రి డ్యూటీలు చేసి సంపాదించిన డబ్బు నీది. అది ఊరికే పడి ఉండటం నాకు ఇష్టం లేదు. ఈ ఆదివారం రెండు మూడు ఖాతాల పట్టికలు పక్కపక్కన పెట్టుకుని చదివి ఒకటి తెరువు. బోనస్ అయిపోయే తేదీకి నెల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకో. రిమైండర్ రాగానే మళ్లీ రేట్లు చూసి, ఇంకో చోట ఎక్కువ వస్తుంటే మొహమాటపడకుండా డబ్బు మార్చేయ్.

ప్రేమతో,
పిన్ని