ఎదిగే పిల్లలు, కొండబాటలు: తల్లిదండ్రులకు ఒక పాఠం

పట్టుగూళ్ల మార్కెట్టుకు పేరుపడిన శిడ్లఘట్ట రాతికొండల సీమలో ఉంది. నెల్లూరు వరకు ప్రవహించే పెన్నానది ఈ జిల్లాలోని నంది కొండల్లోనే పుట్టింది. బతుకుతెరువు వెతుక్కుంటూ ఈ ప్రాంతానికి వచ్చిన అనేక తెలుగు కుటుంబాల్లో తల్లిదండ్రులిద్దరూ పొద్దున్నే పనికి వెళ్లవలసి వస్తుంది. పదమూడు, పదిహేనేళ్ల పిల్లవాడు బడి మానడం, రాత్రిళ్లు ఇంటికి రాకపోవడం మొదలుపెడితే వారికి దిక్కుతోచదు. ‘ఏదైనా కఠినమైన శిబిరంలో వేస్తే దారికి వస్తాడు’ అన్న సలహా అప్పుడే వినిపిస్తుంది. అందులో మేలెంత, ప్రమాదమెంత అన్నది విచారించదగిన విషయం.

పద్ధతి పుట్టుక

1941లో వేల్స్‌లోని అబర్‌డవీలో విద్యావేత్త కర్ట్ హాన్, నౌకా వ్యాపారి లారెన్స్ హోల్ట్ సహాయంతో ‘అవుట్‌వర్డ్ బౌండ్’ పాఠశాలను స్థాపించారు. యువ నావికులకు సముద్రంపైనా కొండలపైనా శిక్షణ ఇచ్చి, ఓర్పును, ఆత్మవిశ్వాసాన్ని పెంచడం దాని ఆశయం. తరువాతి కాలంలో అమెరికాలో ఈ పద్ధతికి మానసిక చికిత్సను జోడించి, కౌమారులను వారాల తరబడి అరణ్యంలో ఉంచే కార్యక్రమాలు వెలిశాయి.

దీని వెనుక ఉన్న సూత్రం సులభమైనది. గుడారం సరిగా కట్టకపోతే వానకు తడవవలసిందే. మందలించే పని ఎవరికీ ఉండదు. నలుగురూ కలిసి పొయ్యి రాజేస్తే తప్ప పూట గడవదు. చేసిన పనికి ఫలితం వెంటనే కనిపించడం వల్ల పిల్లలకు తమపై నమ్మకం కలుగుతుంది.

ప్రమాదం ఎక్కడ?

బలవంతం చేరిన చోట చికిత్స శిక్షగా మారుతుంది. అమెరికాలో కొందరు పిల్లలను అర్ధరాత్రి నిద్రలేపి తరలించారు. జబ్బు చేసిందని చెప్పుకున్నా నటనగా కొట్టివేసిన సందర్భాలున్నాయి. 2007లో అక్కడి ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం సమస్యల్లో ఉన్న పిల్లల కోసం నడిచే కార్యక్రమాల్లో సంభవించిన 10 మరణాలను పరిశీలించింది. శిక్షణ లేని సిబ్బంది, చాలీచాలని ఆహారం, నిర్లక్ష్యం వంటి లోపాలను బయటపెట్టింది. సంస్థల్లోని పిల్లలపై హింసను అరికట్టే ఉద్దేశంతో 2024లో అక్కడ ఒక చట్టం వచ్చింది.

తెలుగునాట ఒక ఉదాహరణ

2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరాన్ని చేరారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. వారు సమస్యల్లో చిక్కుకున్న పిల్లలు కారు; వారు పొందినది చికిత్సా కాదు. అయినా వారి శిక్షణ క్రమం గమనించదగినది. భువనగిరి బండపై మొదలై, డార్జిలింగ్, లడఖ్‌లలో అంచెలంచెలుగా సాగిన తరువాతనే వారు ఎవరెస్టుకు వెళ్లారు. కొండ మేలు చేయాలంటే నేర్పరియైన గురువు, తగిన వ్యవధి, పిల్లల సమ్మతి మూడూ కావాలి.

పంపే ముందు అడగవలసినవి

1. పిల్లవాడికి విషయం ముందుగా చెప్పి, అతని ఇష్టం తెలుసుకున్నారా?
2. శిబిరంలో అర్హత గల మనోవైద్యులు లేదా మానసిక నిపుణులు ఉన్నారా?
3. ఇంటివారితో ఎప్పుడైనా మాట్లాడే వీలుందా?
4. గాయమైతే ఎంతసేపట్లో ఆసుపత్రికి చేర్చగలరు?
5. కొట్టడం, పస్తులుంచడం వంటి శిక్షలు ఉండవని రాసి ఇస్తారా?

ఒక్కదానికి సరైన జవాబు రాకపోయినా పంపకపోవడమే మేలు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనరును మానసిక ఆరోగ్య సంస్థలో చేర్చుకుంటే పెద్దల నుంచి వేరుగా ఉంచాలి. సంరక్షకులు లేదా వారు నియమించిన సహాయకులు వెంట ఉండాలి.

సహాయం లభించే చోట్లు

పిల్లవాడు చనిపోతానన్నా, మత్తుకు అలవాటుపడినా శిబిరాల ఆలోచన మాని వెంటనే వైద్యుని కలవాలి. టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలపై హింస జరిగితే 1098కి తెలపాలి. బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లలకు, కౌమారులకు ప్రత్యేక మనోవైద్య విభాగం ఉంది.

ఇక కొండబాట మొదలుపెట్టడానికి శిబిరమే అక్కరలేదు. సెలవునాడు తల్లి గానీ తండ్రి గానీ పిల్లవాడిని వెంటబెట్టుకుని, అనుమతి ఉన్న దారిలో నంది కొండ ఎక్కవచ్చు. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు నోరు విప్పని పిల్లవాడు పక్కన నడిచేటప్పుడు మాట్లాడవచ్చు. ఆ మాటను మధ్యలో ఖండించక చివరివరకు వినడం పెద్దల వంతు.